డిజైన్ చదివే అమ్మాయికి లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: మాది విశాఖలోని గాజువాక. మావారు పరవాడలో ఫార్మా కంపెనీలో పనిచేస్తారు. నెలకు 42,000 చేతికొస్తుంది, ఇల్లు గడవగా 6,000 మిగులుతుంది. మా అమ్మాయి ఈ ఏడాది గ్రాఫిక్ డిజైన్ డిగ్రీలో చేరింది. స్నేహితులంతా యాపిల్ కంపెనీ ల్యాప్‌టాప్ మ్యాక్‌బుక్ కొంటున్నారని తనకూ అదే కావాలంటోంది. షాపులో 1,05,000 చెప్పారు. క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ అయితే 12 నెలల పాటు 8,750 కట్టాలట. సేవింగ్స్ ఖాతాలో 35,000, ఎఫ్‌డీ 1,20,000 ఉన్నాయి. గాజులు తాకట్టు పెడదామా అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, గాజుల జోలికి వెళ్లకండి. ఆ అవసరం లేదు.

ముందు ఆ ఈఎంఐ సంగతి చూద్దాం. నెలకు మిగిలేది 6,000, కట్టాల్సింది 8,750. అంటే ప్రతి నెలా 2,750 లోటు, ఏడాదికి 33,000. సేవింగ్స్‌లో ఉన్నదంతా దానికే పోతుంది. పైగా నో కాస్ట్ అన్నా ఖర్చు ఉంటుంది. వడ్డీని ముందే డిస్కౌంట్‌గా తగ్గించి చూపిస్తారు, బ్యాంకు మాత్రం దాన్ని మామూలుగానే వసూలు చేస్తుంది. వడ్డీ రేటు 15 శాతం అనుకుంటే మీ కొనుగోలులో వడ్డీ భాగం సుమారు 8,000 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 1,450, ఆపైన ప్రాసెసింగ్ ఫీజు మీరే కట్టాలి. అందుకే షాపులో మొదట అడగాల్సిన మాట, ‘మొత్తం డబ్బు ఒకేసారి ఇస్తే ఎంతకిస్తారు?’ అని.

మ్యాక్‌బుక్ మంచి మెషీనే. తెర బాగుంటుంది, బ్యాటరీ చాలాసేపు వస్తుంది. కానీ మన ఊళ్లో ఫ్లెక్సీలు, శుభలేఖలు చేసే చాలా చోట్ల పని కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, అను తెలుగు ఫాంట్లతో నడుస్తుంది. ఆ ఫాంట్లు టైప్ చేసే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ సాఫ్ట్‌వేర్, మ్యాక్‌బుక్ కోసం చేసింది కాదు. సెలవుల్లో అమ్మాయి ఏ ప్రింటింగ్ ప్రెస్‌లోనో పని నేర్చుకోవాలంటే విండోస్ ల్యాప్‌టాపే పనికొస్తుంది. ఇది షాపువాళ్లు చెప్పరు.

విండోస్‌లో ఏం చూడాలి? ర్యామ్ (పని చేసేటప్పుడు వాడే మెమరీ) 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే చోటు) 512 జీబీ. వీటికంటే ముఖ్యంగా తెర ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని రాసి ఉండాలి, తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత అది. తక్కువ ధరలో దొరికే చాలా ల్యాప్‌టాప్‌ల మీద ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటుంది, ఇదీ రంగుల కొలతే. వాటిలో రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. పిల్ల తెర మీద ఎరుపు సరిచేసుకుంటుంది, ప్రింట్‌లో అది వేరేగా వస్తుంది. డిజైన్ చదివేవాళ్లకు ఇంతకంటే పెద్ద నష్టం లేదు, ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు త్రీడీకి, వీడియో ఎడిటింగ్‌కి కావాలి. ఫొటోషాప్, ఇలస్ట్రేటర్‌తో మొదలుపెట్టేవాళ్లకు అంత అవసరం ఉండదు. మీ బడ్జెట్‌లో 16 జీబీ రాకపోతే 8 జీబీదే తీసుకోండి, కానీ ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉందో లేదో ముందే అడగండి. కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత మార్చలేం.

డబ్బు ఎలా సర్దాలంటే, మొత్తం 72,000 దాటనివ్వకండి. ల్యాప్‌టాప్‌కి 65,000, మిగతాది మౌస్, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, కింద పడినా నీళ్లు పడినా రిపేరు చేసిచ్చే అదనపు వారంటీకి. రెండు నెలలు ఆగితే మీ మిగులు 12,000. సేవింగ్స్ నుంచి 30,000. మిగిలిన 30,000కి ఎఫ్‌డీని రద్దు చేయకండి, దాని మీద లోన్ తీసుకోండి. చాలా బ్యాంకులు ఎఫ్‌డీ వడ్డీ కంటే సుమారు ఒక శాతం ఎక్కువకి ఇస్తాయి. 7.5 శాతం అనుకుని నెలకు 6,000 చొప్పున అసలు తీర్చేస్తే ఐదు నెలల్లో అప్పు అయిపోతుంది, మొత్తం వడ్డీ 600 లోపే. ఆ ఎఫ్‌డీ మీ ఇంటికి మూడు నెలలకు పైగా ఖర్చు. ఆరోగ్యమో ఉద్యోగమో ఇబ్బంది పెడితే అదే ఆసరా, అందుకే దాన్ని విరవవద్దంటున్నాను. ఫీజు కోసం ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని ఉంటే, అందులో కంప్యూటర్ కూడా కలుపుతారేమో బ్యాంకులో అడగండి.

ఆ రెండు నెలలు ఎలా గడుస్తాయని టెన్షన్ పడకండి. మొదటి సెమిస్టర్‌లో చేతితో గీసే పని ఎంత, కంప్యూటర్ పని ఎంత, ల్యాబ్ ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కాలేజీ ఇస్తుందా అని అమ్మాయిని కనుక్కోమనండి. ఇవ్వకపోతే ఫొటోషాప్, ఇలస్ట్రేటర్ తయారుచేసే అడోబీ కంపెనీ స్టూడెంట్ ప్లాన్‌కి మొదటి ఏడాది ధరే కాదు, రెండో ఏడాది ధర కూడా చూసుకోండి. ఈలోగా ఇంక్‌స్కేప్, క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు ఉచితం, చేయి తిరగడానికి సరిపోతాయి.

ఎఫ్‌డీ మీద లోన్‌కి బ్యాంకుకి వెళ్లే రోజు అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆ 30,000 ఎక్కడి నుంచి వస్తోందో, ఏ నెలకి తీరుతుందో తనకూ తెలియాలి. తర్వాత ఇద్దరూ కలిసే ద్వారకానగర్ వెళ్లి రెండు మూడు షాపుల్లో తెరలు పక్కపక్కన పెట్టి చూడండి. రంగుల తేడా మీకంటే తనకే ముందు తెలుస్తుంది.