చీలుస్తుందా, చీల్చుకుంటుందా?

సందేహం: ఇంటర్ పిల్లల కోసం రోగనిరోధకశక్తి మీద పాఠం రాస్తూ 'టీ కణం సీ3ని చీల్చుకుంటుంది' అన్నాను (టీ కణం ఒక రకం తెల్లరక్తకణం, సీ3 ఒక ప్రొటీన్). 'కొను' ఇంట్లో మాట్లాడుకునే మాట, శాస్త్రానికి 'చీలుస్తుంది' చాలు అని మా సీనియర్ సార్ దిద్దారు. ఏది ఒప్పు?

సమాధానం: మీరు రాసిందే ఒప్పండీ. చేసిన పని ఫలం చేసినవారికే దక్కుతుందని చెప్పడానికి క్రియకు 'కొను' చేరుతుంది, దీన్నే ఆత్మార్థకం అంటారు. పెళ్ళివారికి వండింది, ఇంటికెళ్ళి తనకు వండుకుంది. గ్రాంథికంలోనూ 'వండుకొనెను' అంటాం కదా, ఇక ఇది ఇంట్లో మాట ఎలా అవుతుంది?

ఇప్పుడు మీ వాక్యానికి వద్దాం. కాంప్లిమెంట్ అంటే రక్తంలో తిరిగే ప్రొటీన్లని, వాటిలో ఎక్కువ భాగం కాలేయంలో తయారవుతాయని చదువుకున్నాం. సూక్ష్మజీవి చొరబడితే ఎంజైములు వాటిలో ఒకటైన సీ3ని సీ3ఏ, సీ3బీలుగా చీలుస్తాయి, సీ3బీ పోయి ఆ సూక్ష్మజీవికి అంటుకుంటుంది. ఇక్కడ 'చీలుస్తాయి' అనే రాయాలి, ఎంజైముకు దక్కేదేమీ లేదు. కానీ మనిషి టీ కణం లోపల కూడా సీ3 ఉంటుందని, దాన్ని క్యాథెప్సిన్ ఎల్ అనే తన ఎంజైముతో ఆ కణమే చీల్చుకుంటుందని 2013లో వెల్లడైంది. అలా వచ్చిన సీ3ఏ కణం బతికుండటానికి పనికొస్తుంది, కణం ఉత్తేజితమైనప్పుడు సీ3బీ వెళ్ళి సీడీ46 అనే గ్రాహకాన్ని పట్టుకుంటే ఆ కణం ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్‌ను తయారుచేసే టీహెచ్1 రకంగా మారడానికి దారి పడుతుంది. తన సరుకు, తన ఎంజైము, తన అవసరం! ఇంత సంగతినీ 'కొను' ఒక్కటే మోస్తోంది, దాన్ని కొట్టేస్తే పాఠంలో అసలు విషయమే పోతుంది.

మీ పాఠంలోనే 'పని అయ్యాక టీ కణం ఆగిపోతుంది' అన్న వాక్యం మాత్రం మార్చండి. ఐఎల్-2 అనే మరో సంకేత ప్రొటీన్ బాగా ఉన్నప్పుడు అదే సీడీ46 సంకేతంతో కణం ఐఎల్-10 అనే ఇంకో సంకేత ప్రొటీన్‌ను విడుదల చేసి ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపును) అదుపులోకి తెస్తుంది, అంటే అది ఆగిపోవడం కాదు, పని మార్చుకోవడం. 'పని మార్చుకుంటుంది' అనండి, హాయిగా ఉంటుంది.

ఇంకొకటి, ఈ సీడీ46 సంగతి చెప్పేచోట 'టీ కణం' అని ఊరుకోకుండా 'మనిషి టీ కణం' అనే రాయండి. చిట్టెలుకల్లో సీడీ46 వృషణాల్లో తప్ప దాదాపు కనబడదు, కాబట్టి వాటి టీ కణాలకు ఈ వాక్యం వర్తించదు.