ఎక్స్‌ఆర్‌డీ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం పూర్తిచేసింది. ప్రాజెక్టు ఎక్స్‌ఆర్‌డీ మీద చేస్తానని, ఆ రంగంలోనే స్థిరపడతానని అంటోంది. బీఈడీ చేస్తే టీచర్ ఉద్యోగమైనా వస్తుందని మా ఆలోచన. పైగా రేడియేషన్‌తో పని అంటే ఆరోగ్యం గురించి, రేపు పెళ్లి సంబంధాల గురించి టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: ఎక్స్‌ఆర్‌డీ అంటే ఎక్స్‌రే డిఫ్రాక్షన్: పొడి మీద ఎక్స్‌రేలు పంపి, అవి ఏ కోణాల్లో గట్టిగా వెనక్కి వస్తాయో గ్రాఫ్ గీసి, అందులో ఏ స్ఫటికాలున్నాయో చెప్పే పరీక్ష. ఆ గ్రాఫ్‌లో నిటారుగా లేచేవే పీకులు. ముందు రేడియేషన్ సంగతి తేల్చేద్దాం. ఎక్స్‌ఆర్‌డీ మెషీన్‌లో రేడియోధార్మిక పదార్థం ఏదీ ఉండదు. కరెంటు ఇస్తేనే ట్యూబులో ఎక్స్‌రేలు పుడతాయి, ఆపేస్తే ఆగిపోతాయి. అదంతా మూసి ఉన్న క్యాబినెట్‌లో జరుగుతుంది. నడుస్తుండగా తలుపు తీస్తే ఎక్స్‌రేలు బయటికి రాకుండా ఇంటర్‌లాక్ అడ్డుకుంటుంది. వీటి మీద అణుశక్తి నియంత్రణ బోర్డు (ఏఈఆర్‌బీ) నిబంధనలూ ఉన్నాయి. పైపుల వెల్డింగులను ఇరిడియం సోర్సుతో పరీక్షించే రేడియోగ్రఫీ వేరే పని. పెళ్లివారు అడిగితే అమ్మాయి ల్యాబ్‌లో సైంటిస్టని చెప్పండి, సరిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. ‘ఎక్స్‌ఆర్‌డీ ఉద్యోగం’ అనే పేరుతో నోటిఫికేషన్లు పడటం తక్కువ. సిమెంటులో దాన్ని క్వాలిటీ కంట్రోల్ అంటారు, ఫార్మాలో అనలిటికల్ ఆర్ అండ్ డీ అంటారు, ప్రభుత్వ ల్యాబుల్లో మెటీరియల్స్ క్యారెక్టరైజేషన్ అంటారు. మెషీన్ నడపడం నాలుగు రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు. జీతం ఇచ్చేది గ్రాఫ్ చదవగలిగినవాళ్లకి.

మీకు దగ్గరి ఉదాహరణే చెబుతాను. మీ పక్కన వాడపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు చూసే ఉంటారు. క్లింకర్ (నూరితే సిమెంటయ్యే, కొలిమిలోంచి వచ్చే గడ్డలు) శాంపిల్‌ని మూలకాలను కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీన్‌లో పెడితే కాల్షియం, సిలికాన్, అల్యూమినియం, ఇనుము ఎంతెంత ఉన్నాయో నిమిషాల్లో తేలుతుంది. కానీ ఆ కాల్షియం సిలికేట్‌గా మారిందా, కలవకుండా సున్నంగానే మిగిలిపోయిందా అన్నది ఎక్స్‌ఆర్‌ఎఫ్ చెప్పలేదు. అలా మిగిలినదాన్ని ఫ్రీ లైమ్ అంటారు. అది ఎక్కువైతే సిమెంటు గట్టిపడ్డాక నీటితో కలిసి ఉబ్బి పగుళ్లు తెస్తుంది. ఎక్స్‌ఆర్‌డీ పట్టిస్తుంది దాన్ని: రాగి టార్గెట్ ఉన్న ఎక్స్‌రే ట్యూబుతో తీస్తే 37.4 డిగ్రీల దగ్గర దాని పీక్ విడిగా కనిపిస్తుంది. సిలికేట్ల ముఖ్యమైన పీకులు మాత్రం 29 నుంచి 35 డిగ్రీల మధ్య ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. వాటిని విడదీసి ఏది ఎంత శాతమో లెక్కగట్టడానికి 1969లో హ్యూగో రీట్‌వెల్డ్ ప్రచురించిన పద్ధతి వాడతారు. మీ అమ్మాయి నేర్చుకోవాల్సింది అదే.

ఫార్మాలో దీని విలువ 1998లో అందరికీ తెలిసొచ్చింది. హెచ్ఐవీ మందు రిటోనవిర్ మార్కెట్లోకి వచ్చిన రెండేళ్లకు, అదే అణువు మరో స్ఫటిక రూపంలోకి మారడం మొదలైంది. ఆ రూపం సరిగా కరగదు. చివరికి క్యాప్సూళ్లనే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో స్ఫటిక రూపాలను పౌడర్ ఎక్స్‌ఆర్‌డీతో పరీక్షించడం మామూలు పని. కాకపోతే ఒక మాట దాచకూడదు. ఫార్మా, సిమెంటు రెండూ ఎక్కువగా కెమిస్ట్రీ వాళ్లనే తీసుకుంటాయి. సిమెంటులో షిఫ్టులు కూడా ఉంటాయి. ఫిజిక్స్ అమ్మాయికి అక్కడ తలుపులు మూసేయరు గానీ, పోటీలో ఒక మెట్టు కిందే ఉంటుంది.

ఫిజిక్స్ వాళ్లకు కలిసొచ్చే దారులు వేరే ఉన్నాయి. బ్రూకర్, రిగాకు, మాల్వెర్న్ పానలిటికల్ వంటి మెషీన్ల తయారీ కంపెనీల్లో అప్లికేషన్ (కొన్నవాళ్లకు మెషీన్ వాడకం నేర్పేవి), సర్వీస్ ఉద్యోగాలు ఒకటి. వీటిలో ఊళ్లు తిరగాలి, ఇష్టమో కాదో అమ్మాయినే అడగండి. రెండోది, నా దృష్టిలో మెరుగైనది, పరిశోధన. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ. 37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు. హైదరాబాద్‌లోనే ఏఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్ అనే మెటీరియల్స్ పరిశోధన ల్యాబులు, హెచ్‌సీయూ, ఐఐటీ ఉన్నాయి. పీహెచ్‌డీలో చేరితే ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ (చాలా శక్తిమంతమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) మీద ప్రయోగాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గేట్ ఫిజిక్స్ రాస్తే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్‌కూ ప్రయత్నించవచ్చు.

బీఈడీ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చేయొచ్చు. ఈ ఏడాది మాత్రం ప్రాజెక్టు, నెట్ ప్రిపరేషన్ తప్ప మూడోది పెట్టుకోవద్దు. ‘ఎక్స్‌ఆర్‌డీ సర్టిఫికెట్’ పేరుతో వేలు అడిగే కోర్సులకు డబ్బు పోయకండి. ఎన్‌పీటెల్‌లో మెటీరియల్స్ క్యారెక్టరైజేషన్ పాఠాలు ఉచితం, రీట్‌వెల్డ్ లెక్కలకు ఫుల్‌ప్రాఫ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, స్ఫటిక నిర్మాణాలకు క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్ ఉచితం.

ప్రాజెక్టు గురించి అమ్మాయికి ఒక మాట. చాలా ఎమ్మెస్సీ ప్రాజెక్టులు ఒకే మూసలో ఉంటాయి: పొడిని ఎవరికో పంపడం, వచ్చిన గ్రాఫ్‌ని తెలిసిన పదార్థాల పీకులున్న కార్డుతో సరిపోల్చడం, పీక్ వెడల్పు నుంచి స్ఫటికాల సైజు చెప్పే షెరర్ ఫార్ములాలో వేసి ఇన్ని నానోమీటర్లని రాసేయడం. మెషీన్ వల్ల పీక్ ఎంత వెడల్పైందో తీసేశావా అని అడిగితే నోట మాట రాదు. నువ్వు అలా చేయకమ్మా. అగేట్ రాతి కల్వంలో పొడి నువ్వే నూరు. హోల్డర్‌లో నింపి గాజు పలకతో అంచుకు సమంగా చదును చెయ్యి. పొడి కాస్త ఎత్తుగా ఉన్నా పీకులు పక్కకు జరుగుతాయి. మరీ అదిమితే పలకల్లాంటి రేణువులన్నీ ఒకే వైపు పడుకుని ఒక పీక్ అసలుకన్నా పెద్దగా కనిపిస్తుంది. ఇంటర్వ్యూల్లో ‘ఈ పీక్ ఎందుకింత పెద్దగా ఉంది?’ అని అడిగేది అందుకే. ల్యాబ్ వాళ్లు గ్రాఫ్ బొమ్మ ఒక్కటే ఇస్తే తీసుకుని వచ్చేయకు. అంకెలున్న రా డేటా ఫైల్ అడుగు, అది లేకుండా రీట్‌వెల్డ్ చేయలేవు.