అప్పు తెచ్చి బొంత ధర తగ్గిస్తారా?

ప్రశ్న: మాది జనగామ జిల్లాలోని ఒక మండల కేంద్రం. నాకు 38 ఏళ్లు. చాలాకాలంగా ఇంట్లోనే చేత్తో గంతల బొంతలు కుట్టి అమ్ముతున్నాను. డబుల్ కాట్ బొంతకు బట్ట, అస్తరు, లోపలి పొర, దారం, పార్సిల్ అన్నీ కలిపి రూ.1,400 ఖర్చవుతుంది. కుట్టడానికి దాదాపు 50 గంటలు పడుతుంది. రూ.2,200కు ఇస్తున్నాను, నెలకు మూడు అమ్ముడవుతాయి. ఆ ధర చెప్పినా ‘బజారులో ఏడు వందలకే దుప్పటి వస్తుంది’ అంటున్నారు. జూన్‌లో అమ్మాయి ఇంటర్ ఫీజు కోసం రెండు బొంతలను రూ.1,500 చొప్పున ఇచ్చేశాను. మా ఆయన ఆటో నడిపి నెలకు రూ.15,000 తెస్తారు, ఇంటి ఖర్చు రూ.14,000. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన రూ.40,000 అప్పు ఉంది. ఫోన్ యాప్‌లో రూ.15,000 తీసుకుంటే చేతికి రూ.12,600 వచ్చింది, నెలకు రూ.5,000 చొప్పున మూడు వాయిదాల్లో ఒకటి కట్టాను. ఇప్పుడొక ఫైనాన్స్ కంపెనీ 24 శాతం వడ్డీకి రెండేళ్ల గడువుతో రూ.1,50,000 ఇస్తానంటోంది. కుట్టు మిషన్, బట్ట కొని, బొంతను రూ.1,800కే ఇస్తే ఎక్కువ అమ్ముడవుతాయని ఆలోచిస్తున్నాను. ఇంట్లో రెండు తులాల గొలుసు ఉంది. మీ సలహా ఏమిటి?

జవాబు: ఆ ఫైనాన్స్ కంపెనీ కాగితాల మీద సంతకం చేయకండి. మిగతా సంగతులన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఇంటి పట్టున చేతిపని చేసి అమ్ముకొనే మహిళల నుంచి వచ్చే ఉత్తరాలలో ఇదే పొరపాటు తరచుగా కనిపిస్తున్నది. సరుకుకు తగిన ధర రానప్పుడు అప్పు చేసి సరుకు పెంచి, ధర ఇంకా తగ్గించి, సంఖ్యతో గట్టెక్కుదామని అనుకుంటున్నారు. మీ అంకెలు ఆ పొరపాటును స్పష్టంగా చూపిస్తున్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

లక్షన్నర అప్పుకు 24 శాతం వడ్డీ మీద 24 నెలల వాయిదా నెలకు సుమారు రూ.7,930 పడుతుంది. బొంతను రూ.1,800కు అమ్మితే ఖర్చు పోగా మీకు మిగిలేది రూ.400. అంటే వాయిదా కట్టడానికే నెలకు ఇరవై బొంతలు కుట్టాలి, అన్నీ అమ్ముడుపోవాలి. చేత్తో అయితే అది 1,000 గంటల పని. నెలలో పగలూ రాత్రీ కలిపి ఉండేవే 720 గంటలు. మిషన్ వల్ల సమయం సగానికి తగ్గుతుందనుకున్నా రోజుకు పదహారు గంటలకు పైగా కూర్చోవాలి, అప్పుడు కూడా ఇంటికి ఒక్క రూపాయి మిగలదు. పైగా మిషన్ కుట్టు వేసిన మరుక్షణం మీ బొంత ఏడు వందల దుప్పటి సరసన చేరుతుంది. చేతి కుట్టును చూసి ఎక్కువ ఇచ్చే మనిషి కూడా అప్పుడు మీ దగ్గరకు రారు.

ఇక ఇప్పటి ధర సంగతి. రూ.2,200లో ఖర్చు పోగా మిగిలేది రూ.800, దానిని 50 గంటలకు పంచితే గంటకు 16 రూపాయలు, ఎనిమిది గంటల రోజుకు 128 రూపాయలు. తెలంగాణలో ఉపాధి హామీ పనికి 2025–26లో ప్రభుత్వం ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. ఏళ్ల అనుభవం ఉన్న చేతికి మట్టిపని కూలిలో సగం కూడా దక్కడం లేదన్నమాట. జూన్‌లో రూ.1,500కు ఇచ్చిన రెండు బొంతల లెక్క ఇంకా బాధాకరం: ఒక్కొక్కదాని మీద వంద రూపాయలు, అంటే గంటకు రెండు రూపాయలు.

ఆ జూన్ అమ్మకాన్ని కొనేవాళ్ల బేరం ఖాతాలో వేయకండి. ధర తగ్గించింది కొనేవారు కాదు, ఫీజు గడువు. ఫీజుకు సరిపడా సొమ్ము అప్పటికే విడిగా ఉంటే ఆ రెండు బొంతలు పెట్టెలో మరో నెల ఉండేవి, సరైన మనిషి వచ్చినప్పుడు సరైన ధరకు వెళ్లేవి. రేపటి ఖర్చుకు ఇవాళే డబ్బు కావలసిన మనిషి బేరంలో ‘ఈ ధరకు ఇవ్వను’ అనలేరు, ఎదుటివారు ఆ సంగతిని మాట తీరులోనే పసిగడతారు. అందువల్ల మీ బొంత ధరను నిలబెట్టేది మీ ఇంటి ఆపద నిధి. అది లేకుండా నేను ఎంత న్యాయమైన ధర రాసి ఇచ్చినా వచ్చే జూన్‌లో మళ్లీ అది రూ.1,500కే దిగుతుంది.

అయినా ధర ఎంత ఉండాలో తేల్చుకోవాలి. సామగ్రి, పార్సిల్ రూ.1,400. గంటకు కనీసం రూ.50 చొప్పున కూలి రూ.2,500, రోజుకు నాలుగు వందల కూలి ఈ పనితనానికి ఎక్కువేమీ కాదు. కత్తెరలు, దబ్బనాలు, కరెంటు, ఫోను, దగ్గరి చూపు అద్దాల వంటి వాటికి రూ.200. ఇప్పటికి రూ.4,100 అయింది. దీని మీద పది శాతం, అంటే రూ.410, నేరుగా ఆపద నిధికి. మొత్తం దాదాపు రూ.4,500. ఈ చివరి వాటాను లాభం అనకండి, కూలిలో కలపకండి. సామగ్రి ఖర్చు ఎంత తప్పనిసరో ఇదీ అంతే తప్పనిసరి అనుకోండి.

రూ.2,200కే పెదవి విరిచేవారు రూ.4,500 ఇస్తారా అని మీరు అడుగుతారు. వారిలో చాలామంది ఇవ్వరు, ఇవ్వకపోయినా మీకు నష్టం లేదు. కొత్త ధరకు నెలకు ఒక్క బొంత అమ్మినా మీ చేతిలో రూ.2,900 మిగులుతుంది, ఇప్పుడు మూడు కుట్టి మిగుల్చుకొంటున్నది రూ.2,400. వంద గంటల శ్రమ తగ్గి అయిదు వందలు ఎక్కువ వస్తుంటే, ఇద్దరు ముగ్గురు కొనకుండా వెళ్లిపోవడాన్ని ఓటమిగా తీసుకోవలసిన పని లేదు. అయితే ఆ ఒక్క మనిషి వచ్చేదాకా ఆగాలి, ఆగడానికి ఇంట్లో సొమ్ము ఉండాలి. మళ్లీ అక్కడికే వస్తున్నానని విసుక్కోకండి, ఈ విషయంలో ఏ దారిలో వెళ్లినా అక్కడికే చేరుకుంటాం.

దుప్పటితో పోల్చేవారితో వాదన పెట్టుకోవద్దు. తక్కువ ధర కావాలన్నవారికి ధర తగ్గించకుండా పని తగ్గించి చూపండి: కుట్టు వరుసల మధ్య ఒక అంగుళం ఎడం బదులు రెండంగుళాలు పెడితే, లేదా సింగిల్ కాట్ కొలతకు దిగితే, గంటలు తగ్గుతాయి కాబట్టి ధర తగ్గినా కూలి తగ్గదు. ప్రతి బొంతతో పాటు ఒక చీటీ మీద ఎన్ని పొరలో, ఎన్ని గంటల పనో రాసి పెట్టండి. బెంగాల్ నక్షీ కాంథా కూడా పుట్టుకలో పాత చీరల పొరల మీద వేసిన పరుగు కుట్టే. దానికి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పట్టణాల్లో జనం మారుమాట లేకుండా కొంటున్నారు. మన బొంతను మాత్రం ఇంట్లో అమ్మమ్మ ఊరికే కుట్టి ఇచ్చే వస్తువుగానే చూస్తున్నారు. ఆ చూపు మారడానికి కాలం పడుతుంది, అందాకా దాని ఖర్చును మీరు ఒక్కరే మోయనక్కరలేదు.

అంతకన్నా మంచి దారి ఒకటి మీ చేతిలోనే ఉంది. అమ్మ చీరలు, నానమ్మ చీరలు తెచ్చి ఇచ్చి బొంత కుట్టించుకొనేవారిని వెతకండి. ఊరు వదిలి హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన కుటుంబాలలో ఇలాంటి బొంతను ఇష్టపడేవారు ఉంటారు, వారు దానిని దుప్పటితో పోల్చరు. బట్ట వారిదే కాబట్టి మీ పెట్టుబడి అస్తరు, దారం మాత్రమే. మీరు అడిగేది పూర్తిగా కూలి, ఆపద నిధి వాటా. సరుకు కొనడానికి అప్పు చేయవలసిన అవసరమే పోతుంది. సగం సొమ్ము ముందుగా తీసుకోండి. పిల్లల బొంతలను కూడా ఇదే పద్ధతిలో గంటల లెక్కన చెప్పండి.

ముందుగా తీసుకున్న ఆ సగం సొమ్ము మీద ఒక హెచ్చరిక. అది మీ ఆదాయం కాదు, బొంత చేతికి అందేదాకా అది కొన్నవారి డబ్బు. ఒకరిచ్చిన అడ్వాన్సు ఇంట్లో ఖర్చయి, ఆ బొంతకు బట్ట కొనడానికి మరొకచోట అప్పు చేయడం ఈ వృత్తిలో చాలామందిని ముంచుతున్నది. మీ యాప్ అప్పు కూడా ఇలాగే మొదలై ఉంటుందని నా అనుమానం.

ఆ యాప్ గురించి ఒక లెక్క చెప్పి వదిలేస్తాను. చేతికి రూ.12,600 ఇచ్చి మూడు నెలల్లో రూ.15,000 కట్టించుకోవడమంటే నెలకు నూటికి తొమ్మిది రూపాయలకు పైగా వడ్డీ. మన ఊళ్లలో మూడు రూపాయల వడ్డీనే పాపిష్టి వడ్డీ అంటారు, అది ఏడాదికి 36 శాతం. ఇది దానికి మూడింతలు. ఫోన్‌లో రెండు నిమిషాల్లో వచ్చిందన్న ఒక్క సౌకర్యానికి ఇంత వెల చెల్లించడం క్షమించరానిది. మిగిలిన రెండు వాయిదాలు గడువులోగా కట్టి, యాప్ తీసేయండి. మీ ఫోన్‌లోని నంబర్ల జాబితాను తీసుకొనే అధికారం అలాంటి సంస్థలకు లేదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. బంధువులకు ఫోన్లు చేసి వేధిస్తే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫిర్యాదు చేయండి.

నేను ఒప్పుకొనే అప్పు ఒక్కటే, అదీ పాత అప్పును తీర్చడానికి. గొలుసును బ్యాంకులో పెట్టి సరిగ్గా రూ.40,000 తీసుకుని మూడు రూపాయల వడ్డీ బాకీ పూర్తిగా తీర్చండి. ఇప్పుడు నెలకు రూ.1,200 వడ్డీకే పోతున్నది, అసలు తరగడం లేదు. బ్యాంకు ఏడాదికి పది శాతం తీసుకుంటుందనుకున్నా నెలకు రూ.333. రెండు తులాల మీద ఇంకా ఎక్కువ ఇస్తామని బ్యాంకువారు అంటారు, తీసుకోకండి.

ఇప్పుడు అసలు పని. మీ ఇంటి మూడు నెలల ఖర్చు రూ.42,000, మూడు బొంతల సామగ్రికి రూ.4,200, కలిపి దాదాపు రూ.46,000 మీ ఆపద నిధి లక్ష్యం. మొదటి మెట్టు రూ.10,000. వడ్డీలో మిగిలే దాదాపు రూ.870, నెలకు రెండు బొంతలు అమ్మితే వచ్చే నిధి వాటా రూ.820 కలిపి నెలకు రూ.1,690 వేస్తే ఆరు నెలల్లో ఆ మెట్టు ఎక్కుతారు, రెండేళ్ల పైచిలుకులో లక్ష్యం చేరుతారు. నెల ఆలస్యమైనా ఫరవాలేదు, ఆపకండి. మీ పేరున పోస్టాఫీసులోనో బ్యాంకులోనో విడిగా పొదుపు ఖాతా తెరవండి, దానికి ఫోన్ చెల్లింపుల యాప్‌ను జోడించకండి. ఈ సొమ్ము చిట్టీలో వేయవద్దు, బంగారంగా మార్చవద్దు, ఎవరికీ చేబదులు ఇవ్వవద్దు. వచ్చే జూన్ ఫీజు ఆపద కాదు. తేదీ తెలిసిన ఖర్చు కాబట్టి దానికి కూలి డబ్బులో నుంచి నెల నెలా వేరే జమ కట్టండి.

ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఆపద నిధి ఎందుకు అని కొందరు రాస్తుంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆ పరిమితి రూ.10 లక్షలు. కానీ అది ఆసుపత్రి బిల్లు కడుతుంది, ఆటో ఆగిపోయిన ఇరవై రోజుల సంపాదన ఇవ్వదు. మీ ఆయన సంపాదనే ఇంటికి ఆధారం కాబట్టి బ్యాంకులో ఏడాదికి రూ.436 జీవన్ జ్యోతి జీవిత బీమా, రూ.20 సురక్షా ప్రమాద బీమా రెండూ ఆయన పేరున వెంటనే చేయించండి.

మీరు అడగకపోయినా మిగిలినవి క్లుప్తంగా. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, చేసుకోండి. నమోదైన చిన్న తయారీదారు నుంచి సరుకు కొన్న దుకాణం గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతున్నది. అమ్ముడయ్యాక ఇస్తామనే బొటిక్‌లకు ఒకేసారి రెండుకు మించి పంపకండి. చేతివృత్తుల వారి కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఉంది, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష వరకు ఇస్తారు. మీ నిధి నిండాక, ఆర్డర్లు చేతిలో ఉంటేనే దాని సంగతి ఆలోచించండి. మహిళా సంఘం రుణానికీ ఇదే వర్తిస్తుంది.

ఇప్పటికే పాత ధరకు ఒప్పుకున్న బొంతలు ఉంటే వాటిని ఆ ధరకే పూర్తి చేసి ఇవ్వండి. పాత ఖాతాదారులకు కొత్త ధరను ముందుగా, ఫోన్ చేసి, కారణంతో సహా చెప్పండి. తర్వాతి ఆర్డరు తీసుకొనేటప్పుడు రూ.4,500 అని చెప్పి, వారు జవాబిచ్చేవరకు మీరుగా తగ్గించకుండా ఉండండి. ఫైనాన్స్ కంపెనీ మనిషి ఇప్పటికే ప్రాసెసింగ్ ఫీజు పేరిట ఏమైనా వసూలు చేసి ఉంటే రుణం వద్దని రాతపూర్వకంగా ఇచ్చి తిరిగి అడగండి. రాకపోతే దానిని వదులుకోండి గాని, ఆ కొద్ది మొత్తం కోసం లక్షన్నర నెత్తిన వేసుకోకండి.