భర్తకు చెప్పకుండా కాన్పు దాటించవచ్చా?

ప్రశ్న: నాకు ఇప్పుడు ఐదో నెల. గర్భిణులకు చేసే మామూలు రక్తపరీక్షల్లో హెచ్‌ఐవి ఉన్నట్లు తేలింది. డాక్టరుగారు ఆ రోజే మందులు మొదలుపెట్టారు. నా భర్తకు ఇంకా చెప్పలేదు. రోజూ వేసుకునే మాత్రను బలానికి ఇచ్చారని అంటున్నాను. తెలిస్తే తప్పంతా నా మీదికే వస్తుందని భయం. చెప్పకుండానే కాన్పు దాటించవచ్చా?
(పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు)

జవాబు: దాటించిన వాళ్లు లేకపోలేదు. అయితే దానికి ఎంత కష్టపడాలో ముందే తెలుసుకోవడం మంచిది.

చికిత్స ఏదీ లేకపోతే, పాలిచ్చే కాలాన్ని కూడా కలుపుకొని, తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం వరకు ఉంటుంది. మందులు క్రమంగా వాడి, కాన్పు నాటికి రక్తంలోని వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిన తల్లుల విషయంలో, కాన్పులో సోకడం 1 శాతం లోపే. ఈ మేలంతా రోజూ తప్పకుండా వేసుకునే మాత్ర మీదే ఆధారపడి ఉంది. దాచి వేసుకునే మాత్ర చుట్టాలొచ్చిన రోజునో, ప్రయాణంలోనో తప్పిపోతుంది. పైగా బిడ్డకు పుట్టినప్పటి నుంచి కొన్ని వారాలు మందు పట్టాలి, నాలుగు నుంచి ఆరు వారాల వయసులో ప్రత్యేకమైన రక్తపరీక్ష చేయించాలి, ఆ తర్వాత కూడా పాలు మాన్పించేదాకా పరీక్షలు ఉంటాయి. ఇవన్నీ బలం మందు అన్న ఒక్క మాటతో నెట్టుకురావడం కష్టం.

ఇక తప్పు ఎవరిదన్న ప్రశ్న. ఇంట్లో మొదట బయటపడింది మీకు కాబట్టి తెచ్చింది మీరేనని అనుకోవడం చాలా అన్యాయం. గర్భం వల్ల ఆసుపత్రికి వెళ్లారు, అందుకే పరీక్ష మీకు ముందు జరిగింది. మీకు సోకిందని ఆ రిపోర్టు చెబుతుందే తప్ప ఎప్పుడు, ఎవరి నుంచి సోకిందో చెప్పదు. హెచ్‌ఐవి ఏ లక్షణమూ చూపకుండా ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోగలదు. పరీక్షలో ఆయనకు లేదని వచ్చినా అది మీ మీద నేరం మోపే సాక్ష్యం కాదు, ఒకరికి ఉండి మరొకరికి లేని దంపతులు ఎందరో ఉన్నారు. అలాంటి జంటల్లో చికిత్సను త్వరగా మొదలుపెడితే జీవిత భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో ఒక పెద్ద పరిశోధన చూపింది. వైరస్ పరీక్షకు దొరకని స్థితి నిలకడగా ఉన్నంతకాలం సంభోగం ద్వారా సోకదని ఆ తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. అందాకా కండోమ్ తప్పనిసరి. ఆయనకు కూడా ఉన్నట్లు తేలితే, ఆయన చికిత్స ఆలస్యం కాకుండా ఉండడం ఆయనకే లాభం.

ఒంటరిగా, ఏ గొడవ మధ్యలోనో, కోపంలోనో చెప్పవద్దని మాత్రం గట్టిగా అంటాను. కౌన్సెలర్‌తో ముందుగా మాట్లాడి, గర్భిణి భర్తకూ పరీక్ష అవసరమన్న మాటతో ఆయనను పిలిపించి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పే ఏర్పాటు చేయమనండి. మాట తడబడినప్పుడు అందుకునే మనిషి పక్కనే ఉంటారు. మీ అనుమతి లేకుండా భర్తకు చెప్పరాదన్నది కౌన్సెలింగ్‌లో మూలసూత్రమే అయినా, చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఆ సంగతి కూడా మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

ఆయన ఇదివరకు మీ మీద చేయి చేసుకున్నారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు, అయినా అడగక తప్పదు. అలా జరిగి ఉంటే, చెప్పడం వాయిదా వేయడం తప్పు కాదు. ముందు కౌన్సెలర్‌కు చెప్పి, అవసరమైతే ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకోండి. మీ చికిత్సకు భర్త అంగీకారం అక్కరలేదు.

ఈలోగా మాత్రలను మాత్రం ఆపకండి. నెలలు నిండే లోపు వైరల్ లోడ్ పరీక్ష (రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచేది) ఎప్పుడు చేస్తారో డాక్టరుగారిని అడగండి. కాన్పు ఎలా జరగాలన్నది, బిడ్డకు పాలు ఎలా పట్టాలన్నది ఆ ఫలితం చూశాకే మాట్లాడుకోవచ్చు.