మైనస్ డిలీట్ ఎప్పుడూ చివర్లోనే

లినక్స్ మెషీన్‌లో డిస్క్ నిండిపోయింది, 60 రోజులు దాటిన ఫైళ్లను, ఫైళ్లు వెతికిపెట్టే ఫైండ్ కమాండ్‌తో తీసేయాలంటే భయంగా ఉంది అని ఒకరు అన్నారు. ఆ భయం ఉండాల్సిందే. నాకు లేక ఏమైందో చెప్తాను.

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర మా మామకు ఫోటో స్టూడియో ఉంది. అక్కడి పాత కంప్యూటర్‌కు ఉబుంటు అనే లినక్స్ వేసిచ్చింది నేనే. శ్రావణం పెళ్లిళ్లతో డిస్క్ నిండిపోయింది. కస్టమర్లకు చూపించే చిన్న సైజు కాపీల్లో పాతవి తీసేద్దామని ఫైండ్ కొట్టి, ఫోల్డర్ పేరిచ్చి, వెంటనే మైనస్ డిలీట్, అంటే దొరికినవి తీసేయ్, అన్నాను. ఆ తర్వాత మైనస్ ఎమ్‌టైమ్ ప్లస్ 60, అంటే 60 రోజులు దాటినవే అనే షరతు. ఫైండ్ ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోతుంది. డిలీట్ ముందు తగిలింది కాబట్టి తేదీ చూసేలోపే ఫైలు పోయింది. ముందురోజు పెళ్లివి కూడా, ఫోల్డర్‌తో సహా మాయం. అక్కడ చెత్తబుట్ట ఉండదు కదా, వెనక్కి తెచ్చుకోవడానికి. ఒరిజినల్స్ వేరే డిస్క్‌లో ఉండబట్టి బతికిపోయాను. రాత్రి రెండింటి దాకా కాపీలు మళ్లీ తీస్తుంటే మామ ఒక్క మాట అనలేదు, టీ తెచ్చి పక్కన పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడైతే ముందు డిలీట్ లేకుండానే నడుపుతాను. ఫోల్డర్ పూర్తి దారి, మైనస్ టైప్ ఎఫ్ (ఫోల్డర్లు కాదు, ఫైళ్లు మాత్రమే), మైనస్ ఎమ్‌టైమ్ ప్లస్ 60, అంతే. వచ్చిన లిస్టు తీరిగ్గా చదివి, పైకి బాణం నొక్కి, అదే కమాండ్ చివర మైనస్ డిలీట్ చేరుస్తాను. ప్లస్ 60 అంటే 61 రోజులు నిండినవే వస్తాయి, మిగిలిన గంటలను అది లెక్కలోకి తీసుకోదు. పైగా అది చూసేది ఫైలు చివరిసారి మారిన తేదీ. పెన్‌డ్రైవ్ నుంచి నిన్న ఎక్కించిన ఫోటో మూడేళ్ల కిందటి తేదీతోనే ఉండొచ్చు. లిస్టు చదవమనేది అందుకే.

చాలామంది ఫైండ్ ఇచ్చిన పేర్లను ఎక్స్‌ఆర్గ్స్ అనే కమాండ్‌తో, ఫైళ్లు తీసేసే ఆర్ఎమ్ కమాండ్‌కు పంపుతారు. నాకది ఇష్టం లేదు. ‘సీమంతం 2 కాపీ’ లాంటి పేరు ఉంటే ఖాళీల దగ్గర మూడు ముక్కలై, ‘సీమంతం’ అనే వేరే ఫైలు ఉంటే అది పోతుంది. మైనస్ డిలీట్‌కు ఆ తంటా లేదు.

పెద్ద లాగ్ ఫైలు (ప్రోగ్రామ్ తన పనుల చిట్టా రాసుకునేది) తీసేసినా, డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ కమాండ్‌లో ఖాళీ పెరగలేదంటే, ఏదో ప్రోగ్రామ్ దాన్ని ఇంకా తెరిచి పెట్టుకుందని అర్థం. ఆ ప్రోగ్రామ్ ఆపి మళ్లీ మొదలుపెడితే చోటు వస్తుంది.