మెప్పు, అసంతృప్తి: ఒకే చిత్రంపై రెండు మాటలు

ప్రశ్న: 2000లో వచ్చిన జపాన్ యానిమే చిత్రం ‘బ్లడ్: ది లాస్ట్ వాంపైర్’ను కొందరు ఆకాశానికెత్తుతుంటే, మరికొందరు కథే లేదని పెదవి విరుస్తున్నారు. ఎందుకింత తేడా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: రెండు వర్గాలూ మాట్లాడుతున్నది దాని క్లుప్తత గురించే. హిరోయుకి కిటకుబో దర్శకత్వంలో ప్రొడక్షన్ ఐ.జి. నిర్మించిన ఈ చిత్రం నిడివి గంట కూడా లేదు. 1966లో, వియత్నాం యుద్ధం సాగుతున్న రోజుల్లో, జపాన్‌లోని యొకోటా అమెరికా వైమానిక స్థావరంలో మనుషుల రూపంలో దాగిన రక్తపిశాచాలను వేటాడేందుకు సయా అనే అమ్మాయి అక్కడి బడిలో విద్యార్థినిగా చేరుతుంది. ఆమె పుట్టుపూర్వోత్తరాలు మనకు దాదాపు తెలియవు కనుక, నిండు కథను ఆశించినవారికి విస్తరి వేసి వడ్డించకుండా లేపేసినట్టు అనిపించడం సహజమే.

అయినా నా ఓటు మెచ్చుకున్నవారికే. చివర్లో, తాను నరికిన పిశాచం కొనఊపిరితో ఉండగా, సయా తన రక్తాన్ని చుక్కలుగా దాని నోట్లో పడనిచ్చే దృశ్యాన్ని గమనించండి. వాటితో ఆమెకున్న బంధాన్నీ, ఆమె జాలినీ ఒక్క సంభాషణ లేకుండా అది చెప్పేస్తుంది. అయితే, అన్నిటికీ సాక్షిగా నిలిచిన నర్సు పాత్రకైనా మరికొంత చోటు ఇవ్వవలసిందన్న విమర్శను నేనూ ఒప్పుకుంటాను.