పిరోస్మానీ బొమ్మల్లో అంత నలుపు ఎందుకు?

ప్రశ్న: నికో పిరోస్మానీ వేసిన విందు బొమ్మలు చూశానండీ. అందరూ ఫొటోకి కూర్చున్నట్టు మనవైపే చూస్తుంటారు, చుట్టూ ఒకటే నలుపు. ఆయనకి గీయడం రాకనా, రంగులు కొనలేకనా? నేను కూడా ఎక్కడా నేర్చుకోకుండానే బొమ్మలు వేస్తాను, "ముందు డ్రాయింగ్ నేర్చుకో" అని నన్నూ అంటుంటారు, అందుకే అడుగుతున్నా.
– ఒక పాఠకురాలు

జవాబు: డబ్బులేమి నిజమేనండీ, కానీ ఆ నలుపు దానివల్లే వచ్చింది అంటే నేను ఒప్పుకోను.

ఆయన 1862లో జార్జియా దేశంలో మిర్జానీ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు, చిన్నప్పుడే అమ్మానాన్న పోయారు, టిఫ్లిస్‌లో (ఇప్పటి టిబిలిసి) వేరేవాళ్ళ ఇంట్లో పెరిగాడు. రైల్వేలో బ్రేకుల దగ్గర పని చేశాడు, తర్వాత పాల దుకాణం పెట్టాడు, ఏదీ నిలవలేదు. చివరికి ఊళ్ళో సారా దుకాణాలకి సైన్‌బోర్డులూ గోడకి తగిలించే బొమ్మలూ వేస్తూ బతికాడు, చాలాసార్లు కూలీ అంటే ఒక పూట భోజనం, కాస్త వైన్, అంతే.

ఇక నలుపు సంగతి. ఆయన ఎక్కువగా నల్ల ఆయిల్‌క్లాత్ మీద వేసేవాడు. మామూలుగా మనం తెల్ల కాగితం మీద మొదలుపెట్టి నీడలు తర్వాత దిద్దుతాం కదా, ఈయనది తిరగేసిన పద్ధతి, చీకటి ముందే ఉంది, వెలుగు మాత్రమే ఈయన పెడతాడు. జుట్టు కావాలా, నల్ల కోటు కావాలా, రాత్రి కావాలా, అక్కడ రంగు ముట్టకుండా గుడ్డని అలాగే వదిలేస్తాడు. అందుకే ఆ తెల్లటి బల్లగుడ్డ, ఆ మొహాలు దీపం పెట్టినట్టు బయటికి వస్తాయి. ఎక్కడ ఆగాలో తెలియనివాడు ఇలా వెయ్యలేడండీ, నిజంగా చెప్తున్నా, నేను ఆ బొమ్మల ముందు ఎంతసేపు కూర్చున్నా నాకు విసుగు రాదు.

ఎదురుగా చూడ్డం గురించి అడిగారు. సైన్‌బోర్డు అంటే వీధిలో పోయేవాడికి ఒక్క చూపులో అందాలి. దానికితోడు జార్జియా పాత చర్చి గోడల మీది సాధువులు కూడా ఇలాగే నిలబడి మనల్నే చూస్తుంటారు, ఆ చూపు ఈయన విందుల్లోకీ వచ్చిందని నాకనిపిస్తుంది.

1912లో ఇల్యా, కిరిల్ జ్దానెవిచ్ అనే అన్నదమ్ములూ, వాళ్ళ స్నేహితుడు మిఖాయిల్ లె-దాంత్యూ అనే పెయింటరూ ఈ బొమ్మలు చూసి ఆగిపోయారు, మరుసటి ఏడాదే మాస్కో ఎగ్జిబిషన్‌లో కొన్ని పెట్టారు. 1916లో జార్జియా కళాకారుల సంఘం మీటింగ్‌కి పిలిచింది కూడా. కానీ అదే ఏడాది ఒక పేపర్లో ఆయన మీద కార్టూన్ వచ్చింది, ఇంకా నేర్చుకోవాలి అని వెక్కిరిస్తూ. మీతో అంటున్న మాటే చూడండి! అప్పటికి ఆయనకి యాభై దాటాయి, చాలా బాధపడి మనుషులకి దూరమైపోయాడు. 1918లో పోయాడు, సమాధి ఎక్కడో కూడా తెలీదు. మిగిలిన బొమ్మలు సుమారు 200. తర్వాత అదే దేశం ఆయన మొహాన్ని ఒక లారీ (అక్కడి డబ్బు పేరు) నోటు మీద అచ్చేసింది.

డ్రాయింగ్ నేర్చుకోవాలనిపిస్తే నేర్చుకోండి, తప్పేం లేదు. దాంతోపాటు ఒక నల్ల చార్ట్ తెచ్చుకుని నల్లరంగు డబ్బా పక్కన పెట్టేసి మీ ఇంట్లోవాళ్ళని వేసి చూడండి, జుట్టు దగ్గర కాగితాన్నే వదిలేయండి. వేశాక మాకు పంపండి, తప్పకుండా చూస్తాను.